పదకొండు పెట్టెలు, రెండొందల పొట్టలు

"మెస్సుకు బీగం వేసింది మీరు. పిల్లోళ్ళకు సెలవు లేదని చెప్పింది మీరు. గేటు దాటితే ఇంటర్వ్యూల్లో పేరు కొట్టేస్తామని బెదిరించింది మీరు. మళ్ళా తిండి పంపాల్సింది మాత్రం మేమా? యాడ నేర్చుకున్నారు తల్లీ ఈ న్యాయం?"

సొన్నమ్మ ఫోనులో వేసిన ఈ కేకకు, పట్టుపురుగులింట్లో మల్బరీ కొమ్మలు పరుస్తున్న ముత్యాలప్ప చేతులు ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెళ్ళాం గొంతు ఆయనకు కొత్త కాదు. వాళ్ళ ఊరు సుగటూరులో పాల డెయిరీవాడికీ కొత్త కాదు, పంచాయితీ సెక్రటరీకీ కొత్త కాదు.

ఫోనుకు అవతల ఉన్నది హాస్టలు వార్డెన్ చైత్ర. ముప్పై దాటని మనిషి. గొంతు మాత్రం రికార్డు చేసి పెట్టినట్టు మెత్తగా, తడి లేకుండా ఉంటుంది.

"నామీద అరిస్తే నేనేం చేసేదమ్మా? ఆర్డరు పైనుంచి వచ్చింది. మూడు రోజులే కదా. దానికే కేర్ ప్యాకేజ్ ప్రోగ్రాం పెట్టినాము. ఇంటి నుంచి ఒక బాక్స్ వస్తే పిల్లలకూ ఖుషీ, మీకూ ఖుషీ."

"మా ఖుషీ నీకెందుకులే గానీ, మీ సార్ ఇంట్లో పొయ్యికి కూడా మూడు దినాలు బీగమేనా? అది చెప్పు."

అవతల ఫోను పెట్టేశారు.

సంగతి ఇది. కోలారు దగ్గరి నరసాపురం దాటినాక హైవే పక్కన ఉన్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సొన్నమ్మ కూతురు రక్షిత మూడో ఏడాది చదువుతోంది. సుగటూరు నుంచి బండి మీద పోతే గంట కూడా పట్టదు. అయినా దీపావళికి ఇంటికి రాకూడదట. పండగ మూడు రోజులూ కంపెనీ ఇంటర్వ్యూలకు శిక్షణ, రానివాళ్ళ పేర్లు జాబితాలో ఉండవు. ఇదొక వైపు. ఇంకో వైపు, మెస్సు కాంట్రాక్టరు తన వంటవాళ్ళకు అదే మూడు రోజులు సెలవు ఇచ్చాడు. ఇవ్వాల్సిందే, వంటవాళ్ళూ మనుషులే, వాళ్ళకూ ఇళ్ళున్నాయి. కానీ వాళ్ళకు బదులు నలుగురిని పెట్టాల్సింది ఎవరు? కాలేజీవాళ్ళను అడిగితే కాంట్రాక్టరు అంటారు. కాంట్రాక్టరును అడిగితే కాలేజీ అంటాడు. ఇద్దరూ కలిసి కనిపెట్టిన ఉపాయం పేరు 'ప్రేమ పెట్టె'. తల్లిదండ్రులు తలా ఒక అట్టపెట్టె నిండా పండగ తినుబండారాలు పంపాలి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు. కారేవి కూడదు, మరకయ్యేవి కూడదు. మీద పేరు, గది నంబరు. వచ్చిన పెట్టెలన్నిటికీ ఫోటో తీసి కాలేజీ పేజీలో పెడతారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అని మన సామెత. వీళ్ళు ఆ సామెతకే రంగు కాగితం చుట్టి రిబ్బను కట్టారు.

"పోనీలే," అన్నాడు ముత్యాలప్ప. "నువ్వు అరిస్తే వాళ్ళు పొయ్యి వెలిగిస్తారా? ఏదన్నా చేసి పంపు. పాప పస్తుండకూడదు."

"యాడ చేసేది? నీ నెత్తిమీద బాణలి పెట్టేదా?"

ఆమె విసుగులో న్యాయం ఉంది. పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి పెద్ద మేతలో ఉన్నాయి. జ్వరమంటే పురుగు తిండి మానేసి చర్మం విడిచే నిద్ర. నాలుగోది లేచిందంటే ఇక వారంలో గూడు కట్టాలి. ఆ వారం ఇంట్లో నూనె కాగకూడదు, తిరగవాత చిటపటలాడకూడదు, అగరొత్తి వెలగకూడదు. ఘాటు తగిలితే పురుగు ఆకు ముట్టదని సొన్నమ్మకు అత్త చెప్పింది, అత్తకు ఆమె అత్త చెప్పింది. అందుకే కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో రాగి ముద్ద, ఉడకేసిన పప్పు, మజ్జిగ. పండగైనా అంతే.

"పురుగుకు ఒక పూట మేత తప్పితే ఊరంతా వచ్చి తిడుతుంది," అని గొణుక్కుంది సొన్నమ్మ. "మనిషి బిడ్డకు మూడు దినాలు కూడు తప్పితే డబ్బా పంపమంటారు."

ఆ సాయంత్రమే భాగీరథి ఫోను చేసింది. రాబర్ట్‌సన్‌పేటలో హైస్కూలు టీచరు. ఆమె కూతురు సహన, రక్షిత ఒకే గదిలో ఉంటారు. పిల్లలను హాస్టల్లో చేర్చిన రోజు పరిచయమైన ఇద్దరు తల్లులు, అప్పటినుంచి నెలకోసారైనా మాట్లాడుకుంటారు.

"మా ఇంట్లో గ్యాసుంది, బాణలి ఉంది, పురుగులు మాత్రం లేవు సొన్నమ్మా. శనివారం వచ్చేయండి. ఇద్దరికీ కలిపి చేసేద్దాము."

శనివారం పొద్దున్నే మేత వేసి, మిగతా మేతలు మొగుడికి అప్పజెప్పి, సొన్నమ్మ బయలుదేరింది. ఒక సంచిలో బెల్లం, చెనిక్కాయలు, నానబెట్టి దంచిన బియ్యప్పిండి. చంకలో మడిచి పురికొసతో కట్టిన రెండు అట్టపెట్టెలు. కోలారులో బస్సు మారి రాబర్ట్‌సన్‌పేటలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది.

భాగీరథి వంటగదిలో చక్కిలాల పిండి కలిపి సిద్ధంగా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని, ఫోనులో సర్క్యులర్ తీసి మళ్ళీ ఒకసారి చదివింది. ఆమె దేన్నయినా రెండుసార్లు చదివే మనిషి.

"'నూనె మరకలు లేని పదార్థాలు మాత్రమే' అని ఉంది సొన్నమ్మా. కజ్జాయాలు మరకవుతాయి కదా?"

"కజ్జాయం నూనెలో కాకుండా గంగలో ఏగుతుందా టీచరమ్మా? ఇది రాసినోడికి వాళ్ళమ్మ ఎప్పుడూ చేసిపెట్టలేదేమో. పాపం, వానికి కూడా ఒక డబ్బా పంపుదాం."

భాగీరథి పకపక నవ్వింది. "మీ నోటికి ఒక్కసారి మా హెడ్‌మాస్టరు దొరకాలి."

"పంపించండి. ఇంగ ఆయప్ప జన్మలో సర్క్యులర్ రాయడు."

చక్కిలాలు అయ్యాయి, చెక్కల్లాంటి నిప్పట్లు అయ్యాయి. కజ్జాయాలు వేయిస్తుండగా రక్షిత ఫోను చేసింది. సొన్నమ్మ చేతులు పిండి కావడంతో భాగీరథి స్పీకరు పెట్టింది.

"అమ్మా, నాకు డబ్బా వద్దని చెప్పినా గదా."

"వద్దంటే? మూడు దినాలు గాలి తింటావామే?"

"మా ఫ్లోరులో రాయచూరోళ్ళు ఉండారు, యాదగిరోళ్ళు ఉండారు. అంత దూరం నుంచి వాళ్ళకెవరు పంపుతారు? ఉగాదికి కూడా ఇట్లే మూసినారు. నువ్వు పంపిన ఓళిగ నేను తింటా ఉంటే, ఎదురు మంచంలో పిల్ల నీళ్ళు తాగి గోడ తట్టు తిరుక్కొని పడుకునింది. నాకు గొంతు దిగలేదమ్మా."

"పంచుకొని తినాల."

"ఆరు ఓళిగలు ఎంతమందికి పంచేది? పంపితే అందరికీ పంపు. లేకుంటే వచ్చి మెస్సు తెరవమని అడుగు. డెయిరీలో అడుగుతావు, పంచాయితీలో అడుగుతావు. ఇక్కడ ఎందుకు అడగవు?"

"హాస్టలంతటికీ పెట్టేదానికి నేనేమన్నా సత్రం కట్టించినానా? నోరు మూసుకొని పంపింది తిను!"

రక్షిత ఫోను కట్ చేసింది. బాణలిలో కజ్జాయం నల్లబడింది. సొన్నమ్మ దాన్ని తీసి పక్కన పారేసి, పొయ్యి తగ్గించింది.

"పిల్ల చెప్పేది తప్పేమీ కాదు," అంది భాగీరథి మెల్లగా.

"తప్పు కాదు. అందుకే మండుతుండాది. వార్డెన్ మీద అంత లావు అరిచినాను. అరిచి ఏం చేసినాను? వాళ్ళు చెప్పినట్టే పొయ్యి ముందర కూర్చున్నాను. వాళ్ళు చెప్పిన కొలతకే పెట్టె కూడా తెచ్చినాను."

పెట్టెలు నిజంగానే కొలిచి చేయించినట్టున్నాయి. దళసరి అట్ట, లోపల తెల్లగా, చెదరని మూలలు. పట్టుపురుగుల పడకల మీద రోగం రాకుండా చల్లే పొడి వాటిలో వస్తుంది. పొడి విడిగా పాకెట్లలో ఉంటుంది, పెట్టెకు అంటదు. సుగటూరులో ఆ పెట్టెలు లేని ఇల్లు లేదు. ఉల్లిగడ్డలు వాటిలోనే, పిల్లల పాత పుస్తకాలు వాటిలోనే, బాలింత గుడ్డలు కూడా వాటిలోనే. వాటి మీద ఏముందో ఆ ఊళ్ళో ఎవరూ చూడరు. రోజూ కూర్చునే అరుగు మీది గీతలు ఎవరు చూస్తారు?

మనసంతా రక్షిత మాటల మీదే ఉన్న భాగీరథి వాసన మాత్రం చూసింది. ఏ వాసనా లేదు. తినుబండారాలన్నీ మూత బిగించిన స్టీలు డబ్బాల్లో సర్ది, డబ్బాలను పెట్టెల్లో పేర్చి, బడి నోటుపుస్తకాలకు వేసినట్టు చుట్టూ గోధుమరంగు కాగితం వేసింది. దాని మీద గుండ్రటి అక్షరాలతో పేర్లు, గది నంబరు రాసింది.

సోమవారం పొద్దున ఇద్దరూ నరసాపురం క్రాసులో కలుసుకున్నారు. భాగీరథి రెండు పెట్టెలతో బస్సు దిగింది. ఫ్యాక్టరీ షిఫ్టు విడిచిన కంపెనీ బస్సులు వరసగా పోతున్నాయి. ఆ బస్సుల దుమ్ములోనే ఆటో పట్టుకుని కాలేజీ గేటు దగ్గర దిగారు.

గేటుకు పెద్ద బ్యానరు కట్టి ఉంది. 'ప్రేమ పెట్టె.' దాని కింద తెల్ల గుడ్డ పరిచిన బల్ల, బల్ల మీద కొన్ని పెట్టెలు, ముందర కెమెరా పట్టుకున్న ఒక మనిషి. ఇంకా ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. గేటు కాపలా ఓబలప్పది. నడివయసు మనిషి, మాట మంచిది.

"చెకింగ్ చెయ్యాలక్కా. కాగితం విప్పాల."

"పేరు రాసుండాదే. ఇంగేం చెకింగు?"

"సిగరెట్లు, అవీ ఇవీ పెట్టి పంపుతారని రూలు. ఏమనుకోవద్దు."

ఓబలప్ప కాగితం చింపాడు. చింపి ఆగిపోయాడు. ఎర్రటి గుర్తు, దానికింద లావు అక్షరాలు. ఆయన కూడబలుక్కుని పైకే చదివాడు.

"'విషం. తినరాదు. పిల్లలకు దూరంగా ఉంచండి.' అక్కా! ఏమక్కా ఇది?"

బల్ల దగ్గరున్న తల్లిదండ్రులు నాలుగు అడుగులు వెనక్కి వేశారు. ఒకాయన ఫోను తీశాడు. సొన్నమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ పెట్టెలు ఎత్తి దించిన చేతులు అవి. ఒక్కనాడూ ఆ అక్షరాలు కంటికి తగల్లేదు. భాగీరథి మొహం పాలిపోయింది.

"కాగితం వేసింది నేను," అని గొణిగింది. "చదవడం వచ్చినదాన్ని నేను. అన్నీ రెండుసార్లు చదివేదాన్ని."

వార్డెన్ చైత్ర పరుగున వచ్చింది. "ఏమమ్మా, విషం పెట్టెలో తిండి తెస్తారా? ఎవరికన్నా ఏమన్నా అయితే మా మెడకు చుట్టుకుంటుంది!"

సొన్నమ్మ గబగబా పెట్టె తెరిచి, స్టీలు డబ్బా మూత తీసి, నిప్పట్టు విరిచి నోట్లో వేసుకుంది. భాగీరథి ఒక చక్కిలం తీసుకుంది. ఎర్రటి ఎండలో ఇద్దరు తల్లులు కరకరలాడిస్తూ తింటున్నారు, జనం చూస్తున్నారు.

"తిన్నంత మాత్రాన ప్రూఫ్ కాదమ్మా."

"సరే, కాదు. తప్పు నాదే. మొద్దు ముండని, చూసుకోలేదు. ఆ అట్టపెట్టె పారెయ్యి, డబ్బాలు మాత్రం తీసుకో."

చైత్ర అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఒక పని చేద్దాము. ఆఫీసులో ఖాళీ పెట్టెలుండాయి. మీ ఇద్దరివి మాత్రం మార్చి లోపలికి పంపిస్తాను. ఫోటోలో వద్దు. మీరు గలాటా చెయ్యకుండా పొండి. సరేనా?"

"థ్యాంక్స్ మేడం," అంది భాగీరథి వెంటనే. సొన్నమ్మ కూడా తల ఊపింది. తప్పు చేసినవాళ్ళకు తల తొందరగా వంగుతుంది. వంచేవాళ్ళకు ఆ సంగతి బాగా తెలుసు.

ఓబలప్ప పెట్టెల కోసం పోయాడు. ఆలోగా సొన్నమ్మ బల్ల వైపు చూసింది. కెమెరా మనిషి పెట్టెలను కుడివైపు పేర్చి ఒక ఫోటో తీశాడు. మళ్ళీ అవే పెట్టెలను ఎడమవైపు పేర్చి ఇంకో ఫోటో తీశాడు.

"ఎన్ని ఉండాయప్పా అవి?"

"పదకొండు," అన్నాడు అతను, తల ఎత్తకుండా.

"లోపల పిల్లోళ్ళెంతమంది?"

అతనికి తెలియదు. ఖాళీ పెట్టెలతో తిరిగొచ్చిన ఓబలప్ప చెప్పాడు. "రెండొందల పైనే అక్కా."

ఆ క్షణంలోనే ముత్యాలప్ప ఫోను. ఆయన ఆయాసపడుతున్నాడు. "పురుగులు పండినాయి! ఒక దినం ముందే పండినాయి. చంద్రికల మీదికి ఏరాల. నేనొక్కణ్ణి ఎంత ఏరేది? బిర్రన రా."

పండిన పురుగును ఆ పూటే ఏరి, గూడు కట్టే వెదురు చంద్రిక మీద వెయ్యకపోతే అది చెత్తలోనే గూడు కడుతుంది. నెల రోజుల చాకిరీ మురికి గూళ్ళవుతుంది. సొన్నమ్మ కాళ్ళు రోడ్డు వైపు తిరిగాయి. డబ్బాలు ఓబలప్ప చేతికిస్తే పని అయిపోతుంది. కూతురికి మూడు రోజులు గడుస్తుంది.

"అమ్మా!"

గేటు ఊచల వెనక రక్షిత నిలబడి ఉంది. పక్కన సహన. వాళ్ళ వెనక ఇంకో పదిమంది ఆడపిల్లలు. వాళ్ళలో ఎవరూ బల్ల వైపు చూడటం లేదు. చూడకూడదని పట్టుబట్టినట్టు ఆకాశం, రోడ్డు, తమ చెప్పులు చూస్తున్నారు.

"పొద్దున ఏం తిన్నావు?"

"బిస్కెట్లు. రెండు."

"రెండేంది?"

"ఒక ప్యాకెట్టు ఆరుమందికి వచ్చింది." రక్షిత ఊచలు పట్టుకుని ముందుకు వంగింది. "అమ్మా, స్టోరులో బియ్యముండాది, కందిబేళ్ళుండాయి, గ్యాసుండాది. మేమే చేసుకుంటాము, తాళంచెవి ఇయ్యండని నిన్న అడిగినాము. సేఫ్టీ కాదంట. ఆకలితో ఉండేది సేఫ్టీ అంట."

ఓబలప్ప చెయ్యి చాపాడు. "ఇట్లియ్యక్కా, మార్చేస్తాను."

సొన్నమ్మ స్టీలు డబ్బా మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. ఇవ్వలేదు. భాగీరథి ఆమె మోచెయ్యి తాకింది.

"సొన్నమ్మా, మీ పురుగులు..."

"ఉండనీ టీచరమ్మా." ఆమె మొగుడికి ఫోను చేసింది. "పక్కింటి ఆదిలక్ష్మమ్మను పిలువు, వాళ్ళ కోడలిని పిలువు. పోయిన పంటకు వాళ్ళకు మనం ఏరలేదా? నేను ఇప్పుడు రాను."

"రానంటే ఎట్లా? పంట పోతుందే!"

"పోతే ఇంకో పంట పెడతాము. పో, పో, చేతులాడించు." ఫోను రవికెలో దోపుకుంది.

తరువాత రోడ్డు పక్క మట్టిలో, గేటుకు అడ్డంగా, చతికిలబడింది. భాగీరథి ఒక క్షణం తన ఇస్త్రీ చీర వైపు, ఒక క్షణం కూతురి వైపు చూసి, కళ్ళజోడు సర్దుకుని ఆమె పక్కనే కూర్చుంది. గేటు బయట హారన్ మోగుతోంది, ప్రిన్సిపాలు కారో, ఇంకెవరి కారో. డ్రైవరు తల బయటికి పెట్టి తిట్టాడు. సొన్నమ్మ కదల్లేదు.

"ఏమమ్మా ఇది? మీవి పంపుతానన్నాను కదా!" చైత్ర గొంతులో మొదటిసారి తడి తగిలింది, అది భయం తడి. "నా ఉద్యోగం పోతుంది."

"నీ ఉద్యోగం పోకూడదు తల్లీ. నీ మీద కోపం లేదు. బీగం నువ్వు వెయ్యలేదు. వేసినోడికి ఫోను చెయ్యి."

చైత్ర చేసింది. నాలుగు మాటలు మాట్లాడి, స్పీకరు నొక్కి, ఫోను సొన్నమ్మ ముందర పట్టుకుంది. కాలేజీ మేనేజరు అట. వెనక ఎక్కడో పిల్లలు టపాసులు కాలుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"చూడమ్మా," అన్నాడాయన. "విషం పెట్టెలు తెచ్చింది మీరు. పోలీసులను పిలవచ్చు. మర్యాదగా అడుగుతున్నాను. అసలు మీకేం కావాలి?"

సొన్నమ్మ గొంతు పెద్దది చెయ్యలేదు. ఊచల వెనక ఉన్న పిల్లలందరికీ వినబడేంత మాత్రం చేసింది.

"పోలీసులను పిలుచుకోండి సార్. వాళ్ళకూ ఆకలవుతుంది, వాళ్ళకూ వండుతాము. నా పెట్టె తప్పు నేను ఒప్పుకున్నాను, మీ బీగం తప్పు మీరు ఒప్పుకోండి. మెస్సు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాదో వాళ్ళను ఇప్పుడే పంపండి. వంటోళ్ళు లేరంటే మేమిద్దరముండాము, ఇక్కడ నిలబడిన తల్లులుండారు. ఈ మధ్యాన్నం రెండొందల మందికీ అన్నం, సాంబారు. ఒక్క పిల్ల కూడా మిగలకూడదు. రేపు, ఎల్లుండి మీరు జీతమిచ్చి వంటోళ్ళను పెట్టాల. ఇంగ మీద సెలవు ఇయ్యని దినం మెస్సు మూసేది లేదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఈ గేటుకే అంటించాల. ఆ బ్యానరు తీసి దాని తావులోనే అంటించండి. తాళంచెవి వచ్చేదాకా మేము లేచేది లేదు. కారులో ఎవరుండారో వాళ్ళను కూడా దిగి రమ్మనండి, బియ్యం ఏరాల."